దీపమొచ్చింది, మనిషి రాలే

నొక్కితే అయిపోతుంది, ఒక్క బటనే కదా, ఆకుపచ్చగా, వేలి గోరంత, నొక్కి ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుని, మూడింటికి పెద్దసార్లు రిబ్బన్ కత్తిరిస్తుంటే అందరితో పాటు చప్పట్లు కొట్టి, పంచిన మిఠాయి తిని, సాయంత్రం బస్సుకు కరీంనగర్ వెళ్లిపోవచ్చు అని విజయేందర్ సార్ ఫోన్లో ఎంత తేలికగా చెప్పాడో అంతే తేలికగా తనలో తాను అనుకుని చూసింది ఉమారాణి. అనుకోవడం వరకు బాగానే ఉంది, వేలు మాత్రం కదల్లేదు. బొగ్గుబాయి నోటి దగ్గర, ల్యాంప్ రూమ్ ముందున్న సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉందామె, ఒళ్లో ల్యాప్‌టాప్ వేడికి తొడలు కాలుతున్నాయి, గోడ గడియారం రెండు దాటింది, కిటికీ అవతల, అవ్వ అని తను పిలిచే తల్లి రాజక్క చార్జింగ్ స్టాండు మీంచి టోపీ దీపాలు ఒక్కొక్కటే తీసి, వెలిగించి, తన అరచేతి మీద వెలుగు వేసి చూసుకుని, గుడ్డతో తుడిచి వరసలో పెడుతోంది. మూడింటికి రెండో షిఫ్టు దిగుతుంది. దిగే ప్రతివాడూ ఆ కిటికీలోంచి తన నంబరు దీపం తీసుకునే దిగాలి, పైకొచ్చాక అక్కడే తిరిగి ఇవ్వాలి, ఇవాళ్టి నుంచి ఆ ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ కంప్యూటరే చూసి, లోపల ఎవరెవరున్నారో గోడ మీది తెర మీద చూపిస్తుందట. ఆ ప్రోగ్రాం రాసింది విజయేందర్ సార్ నడిపే, ఉమారాణి పనిచేసే ఆఫీసే. రాసినదానికి ఇద్దరు ఒప్పుకుంటే గాని అది అసలు మిషన్లోకి ఎక్కదు, ఒప్పంద కాగితంలోనే ఉంది ఆ షరతు, ఒక ఒప్పుకోలు పొద్దున్నే పడింది, రెండోది ఆమెది.

కాని ఇది ఆమె రాసిన ప్రోగ్రాం కాదే. పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని, గోదావరి బ్రిడ్జి వచ్చేదాకా ఊరికే ఉండలేక తెరిచి చూసింది, చూస్తే నెల రోజులు కూర్చుని విప్పి, విడదీసి, మళ్లీ పొందిగ్గా అమర్చిందంతా మాయం, దాని స్థానంలో ఎప్పటిదో పాత ముద్ద వచ్చి కూర్చుంది, లెక్కపెట్టే ముక్క కడుపులోనే దీపాల రీడరు, అది కూడా ఫలానా కంపెనీ ఫలానా మోడలు అని పేరుతో సహా పాతిపెట్టి ఉంది, దాన్ని పీకాలంటే కడుపు కోయాలి, ఆ రీడరు దీపం మీది చిప్పును చదివీ చదవగానే మనిషి పైకొచ్చాడని రాసేసుకుంటుంది, ఇంకెవర్నీ అడగదు, అడగడానికి దానికి ఇంకో దారి పెట్టలేదు, ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నవాడి తెలివి దానిది. ఇట్లా మార్చింది ఆఫీసులో పక్క సీటు ముజాహిద్. మార్చి, తనే మొదటి ఒప్పుకోలు వేసి, బస్సు మంచిర్యాల చేరేలోపు ఫోన్ కూడా చేశాడు. "మాఫ్ చెయ్ ఉమా, సార్ పక్కన నిలబడి చేయించిండు. నీది మంచిగున్నదని నాకెరుకనే. గని గీ నౌకరీ పోతె నేను ఏడికి పోవాలె?" అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూస్తే అది సరిగా రాలేదు, ఎందుకంటే విడదీసి కట్టడం ఆమెకు నేర్పిందే అతను.

రెండేళ్ల కిందటి మాట, కరీంనగర్‌లో ఆఫీసు కింద చాయ్ హోటల్, సమోసాలు కట్టిచ్చిన పేపరు ముక్క మీద పెన్నుతో రెండు డబ్బాలు గీశాడు ముజాహిద్, ఇది పని చేసే ముక్క, ఇది దానికి కావలసిన సామాను, తనకు కావలసిన సామాను తానే లోపల తయారు చేసుకుంటే ఈ ముక్క ఆ సామానుకు బందీ అయిపోతుంది, అందుకని, "లోపట చేస్కోవద్దు, బయటినుంచి ఎవరో చేతికియ్యాలె. గంతే. గదే డిపెండెన్సీ ఇంజెక్షన్. పెద్ద పేరు, చిన్న ముచ్చట," అన్నాడు. ఉమారాణికి నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నావంటే, మా అవ్వ రోజూ చేసే పని గదే అంది, అతను అర్థం కాక చాయ్ చల్లారబెట్టుకున్నాడు. అర్థం కాకపోవడానికేముంది, బాయిలోకి దిగే మనిషి తన దీపం తానే చేసుకుని దిగుతాడా, వత్తి ఒకడు నూనె ఒకడు పట్టుకుని దిగితే బొగ్గు ఎవడు కొడతాడు, వెలుగు సంగతి వెలుగువాళ్లది, బొగ్గు సంగతి బొగ్గువాళ్లది, దిగేముందు కిటికీలోంచి చేతికి వస్తుంది, మీట నొక్కితే వెలగాలి, ఇద్దరి మధ్య ఒప్పందం అంతవరకే. ఆమె చిన్నప్పుడు నడుముకు ఇటుకంత బ్యాటరీ కట్టుకునేవారు, తర్వాత అది సబ్బు పెట్టెంత అయింది, ఇప్పుడు అన్నీ టోపీలోనే, దీపాలు మారాయి గాని వాటి కోసం బొగ్గు కొట్టేవాడు పని మళ్లీ నేర్చుకోలేదు. పైగా రాజక్క ప్రతి దీపాన్నీ పైనే వెలిగించి చూస్తుంది, చీకట్లోకి దిగి చూడక్కర్లేదు, అరచెయ్యి చాలు. "బాయిల దిగినంక చూసుకుందమంటె గక్కడ ఎవడు చూస్తడే?" అంటుంది. విజయేందర్ సార్ చదువుకున్న చదువులో ఈ ఒక్క వాక్యం లేనట్టుంది.

అందుకే ఆమె లెక్కపెట్టే ముక్క లోపల్నుంచి రీడర్ను పీకి బయట పెట్టింది. ఎవరు వచ్చారు అని అడిగితే జవాబు చెప్పగలిగిన ఏదైనా సరే, ఏ కంపెనీదైనా, ముక్క పుట్టేటప్పుడే దాని చేతికిస్తే అది పనిచేస్తుంది, అట్లా విడదీసింది కాబట్టే అసలు రీడరు బదులు ఒక ఉత్తుత్తి రీడర్ను పది లైన్లలో రాసి చేతికివ్వగలిగింది, ఆ ఉత్తుత్తిది ఆమె చెప్పమన్న నంబర్లే చెబుతుంది, టేబులు దగ్గర కూర్చుని రెండు వందల మందిని దించి, ఎక్కించి, మళ్లీ దించి, రోజుకు వందసార్లు, ఒక్క మనిషి కాలికి మట్టంటకుండా. నిజం మిషన్ ఉండగా దొంగ మిషన్ ఎందుకని ఆఫీసంతా నవ్వారు, నవ్వనీ. వాళ్లలో ఎవరికీ తట్టని ఒక పని ఆ దొంగ మిషన్‌తోనే చేసి చూసింది, తట్టకపోవడం వాళ్ల తప్పు కాదు, వాళ్లెవరూ బాయి పక్కన పుట్టలేదు. ఇద్దరు మనుషుల దీపాలు లోపల తారుమారు చేసి ఒక్కడినే పైకి తెచ్చింది. తెర మీద ఏం కనిపించిందంటే, లోపలున్నవాడు పైకొచ్చాడట, పైకొచ్చినవాడు లోపలున్నాడట. చూసి ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా సంచిలోంచి తియ్యనే లేదు.

ఎందుకంటే ఆ లోపలున్నవాడి పేరు వెంకటి, ఆమె బాపు, దీపం నంబరు రెండు వందల ఎనిమిది, ఉమారాణి అప్పుడు నాలుగో తరగతి. పంపు చెడిపోయిందని బాపును ఇంకో షిఫ్టు ఆగమన్నారు, ఎనిమిది గంటలు వెలిగిన దీపం మసకబారింది, పక్కన పనిచేసే హనుమండ్లు ఆ రోజు ఆలస్యంగా దిగాడు కాబట్టి అతని దీపం ఇంకా తెల్లగా వెలుగుతోంది, నేనెట్లనో పోత, నలుగురితోని నడుస్త, నువ్వు నాది తీస్కో అని ఇచ్చి, మసక దీపం తాను పెట్టుకుని పైకొచ్చాడు. ఇందులో తప్పేముంది, ఇక్కడ అందరూ చేసేదే, వెళ్లేవాడు ఆగేవాడికి మంచి దీపం ఇచ్చిపోతాడు, ఇవ్వనివాడిని మనిషిగా చూడరు. కిటికీ దగ్గర కూర్చున్నవాడు తల ఎత్తకుండా తీసుకుని రెండు వందల ఎనిమిదో కొక్కేనికి తగిలించాడు, వెంకటి వచ్చిండని రాసుకున్నాడు. గంటకు లోపల బండ పడింది. కొక్కేలు చూశారు, బండ పడిన పక్క పనిచేసినవాళ్లవి ఒక్కటే ఖాళీ, అది హనుమండ్లుది, వాళ్ల క్వార్టరుకు ఉరికారు, చూస్తే హనుమండ్లు పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు, ఉన్నవా, బతికిచ్చినవ్ పో అని వీపు తట్టి, అందరు పైన్నే ఉన్నరు అనుకుంటూ నవ్వుకుంటూ వెళ్లిపోయారు, అతను కూడా నవ్వాడు, నోట్లో ముద్ద ఉండగా జరిగిందేమిటో ఎవరికి మాత్రం తడుతుంది, తట్టి చెయ్యి కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చేసరికి, అటు అవ్వ ఉమారాణి చెయ్యి పట్టుకుని మా ఇంటాయన ఇంకా రాలేదేమని గేటు దగ్గర అడుగుతూ నిలబడేసరికి, ఐదు గంటలు గడిచాయి. అందులో మూడు గంటలు బాపు బతికే ఉన్నాడని డాక్టరు కాగితంలో రాశాడు. ఆ కాగితం ఎందుకు చదివాను, చదవడం ఎందుకు నేర్చుకున్నాను అని ఆమె చాలా ఏళ్లు ఏడ్చింది.

మనిషి పోతే ఇంట్లో ఒకరికి కొలువిస్తారు, అవ్వకు ఇచ్చారు, క్యాంటీన్లో వేస్తామంటే వద్దంది, ఆఫీసులో చాయ్ ఇచ్చే పని నీడపట్టునుంటుందని పదిమంది చెప్పినా వద్దంది, ల్యాంప్ రూమ్ కిటికీయే కావాలని మొండికేసి సాధించుకుంది. అప్పట్నుంచి ఆమె షిఫ్టులో ముఖం చూపించకుండా దీపం ఇచ్చి పోయినవాడు లేడు. "దీపం పర్శరాములుది, నువ్వేమో భూమన్నవు. పర్శరాములు ఏడి? లోపట్నే ఉన్నడా? ఉన్నడని రాస్త, నిలవడు," అని గద్దిస్తుంది, వెనక లైను పెరిగిపోతుంది, గయ్యాళి అని పేరు పెట్టారు, పెట్టుకోండి అంది. కాని రాజక్క కూర్చునేది ఒక్క షిఫ్టు, మిగిలిన రెండు షిఫ్టుల్లో ఎవరెవరో, వాళ్లు తల ఎత్తుతారో లేదో దేవుడికే తెలియాలి, అందుకే గదా మిషను కావాలనుకుంది, అవ్వ కళ్లను మూడు షిఫ్టులకూ పెట్టాలనుకుంది. ఎంత కష్టమని, గేటు దగ్గర హాజరుకు వేలు పెట్టే మస్టర్ మిషన్ ఎప్పటినుంచో ఉంది, దాన్నే రెండో రీడరుగా లెక్కపెట్టే ముక్క చేతికిచ్చింది, దీపం ఒకటి చెప్పి వేలు ఒకటి చెబితే ఆ దీపం ఎవరిదో ఆ మనిషి లోపలే ఉన్నాడని ఎర్రగా చూపించు, అంతే, కొత్తగా కొన్నదేమీ లేదు, లోపలి లెక్కలో ఒక్క అక్షరం మార్చలేదు, విడదీసి ఉంది కాబట్టి చేతికిచ్చింది, అది తీసుకుంది.

"మస్టర్ మిషన్ టెండర్‌ల లేదు ఉమా. అడిగింది దీపాల లెక్క, దీపాల లెక్కనే ఇద్దాం. రేపు గా మస్టర్ మిషన్ పనిచెయ్యకుంటె మాట మనకొస్తది," అన్నాడు ఇందాక దారిలో కారులోంచి చేసిన ఫోన్లో విజయేందర్ సార్. మరి దీపాలు మార్చుకుంటే అంటే, "మార్చుకోవద్దని నోటీసు అంటిస్తరు," అన్నాడు. నోటీసు. కిలోమీటరున్నర లోపల, చీకట్లో, ఆగిపోయేవాడి దీపం మసకబారుతుంటే వెళ్లేవాడు గోడ మీది నోటీసు గుర్తుచేసుకుని తన దీపం తానే మోసుకుపోవాలట, ప్రోగ్రాం రాయడం రాని వాళ్ల కోసం మనుషులు మంచితనం మానుకోవాలట, ఎంత సక్కని ఉపాయం. ప్రారంభం కానివ్వు, తర్వాత చూద్దామన్నాడు చివరికి, తర్వాత అనే మాటను ఆమె ఎరుగును, మిషను ఎక్కాక, ఫొటోలు పడ్డాక, ఆ ముద్దను విప్పడానికి ఎవడు చెయ్యి పెడతాడు, ఒక దారం లాగితే పది ఊడతాయని అందరూ భయపడతారు, భయపడి దాని మీదే ఇంకో ముద్ద పెడతారు. ఆమెకూ భయం ఉంది, లేదంటే అబద్ధం. కరీంనగర్‌లో ఇట్లాంటి ఆఫీసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఇక్కడ మొండిది అని పేరొస్తే ఆ పేరు ఆమెకంటే ముందే తక్కిన ఆఫీసుల మెట్లెక్కుతుంది, నాలుగేళ్లలో అవ్వ రిటైరవుతుంది, అయిన రోజే క్వార్టరు ఖాళీ చేయాలి. నొక్కు, నొక్కి ఇంటికి పో, లోకమంతా అట్లాగే నడుస్తోంది అని తలలో ఎవరో చెబుతున్నారు, గొంతు మాత్రం విజయేందర్ సార్‌దే, ఎప్పుడు దూరాడో లోపలికి.

బెంచీ మీద నీడ పడింది. పక్కన ఎవరో కూర్చున్నారు, చూడకుండానే తెలిసింది, హనుమండ్లు, ఈ ఏడాదే ఆఖరి ఏడాది ఆయన సర్వీసుకు, ఇరవై ఏళ్లలో ఆమె ముందు ఒక్కసారి కూడా కూర్చోలేదు, దారిలో ఎదురైతే సైకిలు దిగి పక్కకు తిరిగి నిలబడేవాడు. ఉమారాణి కూడా పలకరించలేదు, చాలా ఏళ్లు అసహ్యించుకుంది, ఆ తర్వాత అసహ్యం పోయినా పలకరించడం ఎట్లాగో తెలియలేదు. ఆయన ల్యాప్‌టాప్ వైపు కాకుండా తన బూట్ల వైపు చూస్తూ అడిగాడు.

"బిడ్డా, గీ మిషను నువ్వే చేసినవంట గద. నా దీపం ఇంకొకని నెత్తి మీద పైకొస్తె పట్టుకుంటదా?"

"నేను చేసింది పట్టుకుంటది కాకా. ఇయ్యాల పెట్టేది పట్టుకోదు."

"మరి పట్టుకోనిది ఎందుకు పెడుతున్రు?" అన్నాడు, కోపంగా కూడా కాదు, బస్సు ఎందుకు రాలేదని అడిగినట్టు అడిగాడు, అడిగి, టోపీ తీసుకుని లేచి లైనులోకి వెళ్లాడు. టెండర్‌లో లేదు కాకా అని చెప్పొచ్చు, నోరు తిరగలేదు, ఈ మనిషికి ఆ మాట చెప్పడానికి ఏ నోరూ తిరగదు, చెప్పలేని మాట కింద సంతకం ఎట్లా పెడతారు, ఒప్పుకోలు అంటే సంతకమే కదా, రెండు వందల ఎనిమిదో కొక్కేనికి దీపం తగిలించినవాడు కూడా తల ఎత్తకుండా సంతకమే పెట్టాడు. చెడ్డవాడేమీ కాదు వాడు, అవ్వ ఎన్నడూ వాడిని తిట్టలేదు, వాడికి చేతికందింది దీపం ఒక్కటే, దాన్నే నమ్మాడు. నేను నమ్మను అనుకుంది ఉమారాణి, ఎవరెన్ని చెప్పినా నమ్మను, నా నౌకరీ ఊడితే ఊడనీ, ఊళ్లు తిరిగి ఇంకోటి వెతుక్కుంటా, ఈ పచ్చ బటను మాత్రం నా వేలితో నొక్కేది లేదు.

దాని పక్కనే ఎర్రది ఉంది. నొక్కితే కారణం రాయమని అడిగింది. ఇంగ్లిషులో రాయాలని ఆఫీసు రివాజు, ఆమె తెలుగులోనే రాసింది, ఇది దీపాలను లెక్కపెడుతోంది, మనుషులను కాదు, కాబట్టి నేను ఒప్పుకోను అని రాసి, కింద తన పూర్తి పేరు పెట్టి పంపింది. రెండూ నలభై అయింది. అది పోయిందో లేదో మేనేజరు గదిలోంచి విజయేందర్ సార్ మెడలో పూలదండతోనే బయటికొచ్చాడు, వెనక కెమెరావాళ్లు, ఆ వెనక బాయి మేనేజరు.

"ఏం చేసినవ్ ఉమా? రిజెక్ట్ అని మెసేజ్ వచ్చింది. తప్పు నొక్కినవా?"

"తప్పు నొక్కలే సార్. చూసే నొక్కిన."

"పెద్దసార్లు తొవ్వల ఉన్నరు. నీ నౌకరీ ముచ్చట ఇది, సమజైతున్నదా?"

"సమజైంది సార్. నెల రోజులు మంచిగ చేసింది ఒకటున్నది, గదే ఎక్కియ్యుండ్రి, ఇప్పుడే ఒప్పుకుంట. గిదైతె ఒప్పుకోను."

మేనేజరు ఇద్దరి ముఖాలూ చూసి, మరి ఈ షిఫ్టు లెక్క ఎట్లా అని అడిగాడు. కిటికీలోంచి జవాబు వచ్చింది, రాజక్క దీపం తుడుస్తూనే, "ఇన్నేండ్ల సంది ఎట్ల పెడుతున్నమో గట్లనే సారూ," అంది. ఆయన తెర ఆపమని ఎవరికో సైగ చేసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గదిలోకి వెళ్లిపోయాడు. విజయేందర్ సార్ దగ్గరికి వంగి, ఇంక నీకు ఇక్కడ పని లేదు, నాలుగింటికి బస్సున్నది, పో, అని పళ్ల బిగువున అన్నాడు. ఆమె ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టింది, లేచింది, లేచి గేటు వైపు కాదు, ల్యాంప్ రూమ్ తలుపు తోసుకుని లోపలికి నడిచింది, అవ్వ స్టూలు జరిపి రిజిస్టరూ పెన్నూ ముందుకు తోసింది. మూడు గంటల సైరను మోగింది. కిటికీ బయట లైను గేటు దాకా ఉంది, మొదటి మనిషి ఎప్పటిలా దీపం కోసం చెయ్యి చాచాడు.

"పోను సార్. వీళ్లందరు దిగినంక రాత్రి పదకొండుకు ఎక్కుతరు. ఒక్కొక్కల మొఖం చూసి పేరు కొట్టేసినంకనే పోత," అంది బయటికి వినపడేలా, అని చెయ్యి చాచినవాడి వైపు తిరిగింది.

"నంబరు కాదన్నా, నీ పేరు చెప్పు."